ఆ ముక్క మళ్ళీ వెయ్యి

నారిన్ ఊళ్ళో పాత క్లబ్బు హాలు.
బొమ్మ వేసేది నేనే, టికెట్లు చింపేదీ నేనే,
చలికి బిగుసుకున్న తలుపును భుజంతో నెట్టేదీ నేనే.
ఆ రాత్రి పదకొండు మంది వచ్చారు.
ఒక కుక్క కూడా. దానికి టికెట్ అడగలేదు.

తెర మీద అంతా మంచు.
దారి తప్పిన నలుగురు సరిహద్దు సైనికులు,
మూగబోయిన రేడియో,
ఒక రాతిగుడిసె,
చివరికి మిగిలిన ఒక్క నల్లరొట్టె.
లెఫ్టినెంటు దాన్ని నాలుగు చేస్తాడు.
ఒకడు గోడవైపు తిరిగి నిలబడతాడు.
"ఇది ఎవరికి?" కోసినవాడు అడుగుతాడు.
చూడనివాడు ఒక పేరు చెబుతాడు.
"ఇది ఎవరికి?"
ఇంకో పేరు.
పెద్ద ముక్క ఎవరికి పడినా
దోషం ఎవరిదీ కాదు.
సంగీతం ఉప్పొంగింది.
ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు.

బొమ్మ అయిపోయాక అందరూ కాలర్లు పైకెత్తుకుని వెళ్ళిపోయారు.
మూడో వరసలో ముసలి సగిన్‌బాయ్ మాత్రం లేవలేదు.
"ఆ ముక్క మళ్ళీ వెయ్యి" అన్నాడు.
ఏ ముక్కో నేను అడగలేదు.
రీలు వెనక్కి తిప్పాను. వేశాను.
మళ్ళీ వెయ్యమన్నాడు.
మూడోసారి తెర దగ్గరకంటా వెళ్ళి
ఆ గుడిసె మూలమూలా వెతికాడు,
గడ్డం మీద మంచు వెలుగు పడుతుంటే.

"కెటిల్ లేదు" అన్నాడు.

తర్వాత చెప్పాడు, కుర్చీకి కాదు, నాకూ కాదు,
ఎక్కడో మధ్యలోకి.
వాళ్ళూ నలుగురే. ఆరు రోజులు.
కోసింది తుర్గున్.
గోడవైపు తిరిగింది తను, సార్జెంటు గనక,
అందరూ నమ్మారు గనక.
ఎదురుగా మేకుకి వేలాడుతూ అల్యూమినియం కెటిల్,
అంతకు ముందు రోజు తనే ఇసుకతో రుద్ది తోమినది.
దాని పొట్టలో వంకరగా, చిన్నగా
నాలుగు ముక్కలూ కనబడుతున్నాయి.
"వేలి గోరంత తేడా" అన్నాడు.
"గోరంతే.
'ఇది ఎవరికి' అన్నాడు తుర్గున్.
నాకు అన్నాను.
చిన్నది ఓస్తాప్‌కి పోయింది.
కార్పాతియన్ కొండల కుర్రాడు,
నవ్వితే పళ్ళన్నీ కనబడేవి.
ఆ ముక్కని ముద్దుపెట్టుకుని తిన్నాడు."

చచ్చిపోయాడా, అడిగాను.

"లేదు. అందరం బతికాం.
ఎవరికీ ఏమీ కాలేదు, అదే.
ఎవడైనా చచ్చుంటే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.
కవాతులో నిలబెట్టి నాకు పతకం ఇచ్చారు.
పంపకంలో న్యాయం తప్పని సార్జెంటు అని చదివారు.
అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఓస్తాప్.
కొత్త సంవత్సరానికి ఉత్తరం రాసేవాడు,
పదిహేనేళ్ళు రాశాడు.
నేను ఒక్కదానికీ బదులియ్యలేదు."

పతకం బొత్తాల డబ్బాలో ఉందట.
బొత్తాం ఊడినప్పుడల్లా
చేతికి ముందు అదే తగులుతుందట.

రాత్రి చాలా అయింది. నా దగ్గర సగం రొట్టె ఉంది,
ఫ్లాస్కులో టీ ఉంది.
బల్ల మీద పెట్టాను.
సగిన్‌బాయ్ ఫ్లాస్కు వైపు చూశాడు, మెరిసే స్టీలు.
తల మీది టోపీ తీసి దానికి తొడిగాడు.
గోడవైపు తిరిగాడు.
వీపు వంగి ఉంది గానీ మడమలు దగ్గరికొచ్చి చప్పుడయ్యాయి.

"అడుగు" అన్నాడు.

నవ్వు రాబోయి ఆగిపోయింది.
రొట్టె కోశాను.
చెయ్యి వణికి ఒకటి పెద్దదయింది.
దాని మీద వేలు పెట్టి అడిగాను:
"ఇది ఎవరికి?"

ప్రొజెక్టర్ చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది.
చాలాసేపు పట్టింది.

"ఓస్తాప్‌కి."

హాల్లో ఉన్నది మేమిద్దరమే.
కోసింది రెండు ముక్కలే.
కత్తి మళ్ళీ తీసుకున్నాను.