అచ్చు

పర్లాకిమిడిలో, కొమ్ముబొమ్మలు చెక్కే వీధి మలుపులో
ఫోటో స్టూడియో నాది.
పాస్‌పోర్టు సైజులు, పెళ్లిళ్లు, అప్పుడప్పుడు శవాలు.
రాయికి ఫోటో తీయమన్నవాడు
కూర్మనాథం మాష్టారొక్కడే.

గుమ్మ దాటాక జీపు మొరాయించింది. ఆ తర్వాత గంట నడక.
జీడితోటల వెనక, వాగు ఒడ్డున,
పడుకున్న గేదెలా నల్లరాయి.
"ఫోటో చాలదురా, అచ్చు తీయాలి."
పసిపిల్లకి నీళ్లు పోసినట్టు
కొబ్బరిపీచుతో దాన్ని తోమారు.
తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెత్తగా కొట్టి,
గుడ్డమూటతో సిరా అద్దారు.
రెండచ్చులు సరిగ్గా రాలేదని వాగులో పారేశారు.
మూడోది సరిగ్గా వచ్చింది.
సరిగ్గా రావడమంటే ఏమిటో
అప్పుడు నేనడగలేదు.

నల్లటి కాగితంలో తెల్లగా లేచాయి గీతలు.
ఒక వంపు, లోపలికో మెలిక.
"అ" అన్నారు మాష్టారు.
అనడం కాదు, గొంతులోంచి జారిపడింది.
ఒట్టు,
నాకూ కనిపించింది.

బడిలో తెలుగు సెక్షన్లు ఒక్కొక్కటే ఎత్తేసి
ఆఖరి బెంచీలు లారీకెక్కించిన రోజు
రసీదు మీద సంతకం పెట్టింది ఆయనే.
అప్పట్నించీ ఈ జిల్లాలో ప్రతి రాయీ ఆయనకి సాక్షి.
సాక్షి ఏం చెప్పాలో
ముందే రాసిపెట్టుకున్న వకీలు ఆయన.

మరునెల బరంపురం నుంచి పాఢీ బాబు దిగాడు,
తన కాగితం, తన సిరా, తన ఆనవాళ్లతో.
అదే రాయి, అదే వంపు.
ఆయనకి ఒడియా "క" కనిపించింది,
నెత్తిన గొడుగుతో సహా.
బండకి అటొకరూ ఇటొకరూ కూచుని
నాచేత పక్కవాటుగా టార్చి వేయించి
పొద్దు వాలేదాకా వాదించుకున్నారు.
మధ్యాహ్నం మాత్రం కేరేజీలు విప్పారు.
ఆయనది పఖాళ, ఈయనది చద్దన్నం.
రెండూ నీళ్లలో నానిన అన్నమే.

అప్పుడొచ్చింది సొంబారి,
నెత్తిన కొండచీపుళ్ల మోపు, నడుములో కత్తి.
మోపు దించింది. దోసెడు నీళ్లు చల్లింది.
మమ్మల్ని జరగమని సైగచేసి
రాయి మీద కత్తి నూరుకుంది,
ఆ వంపులోనే.
ఇంటిదారి తెలిసిన మేకలా
కత్తి తనంతట తనే మెలిక తిరిగింది.
"మా తాత నూరినాడు, ఆడి తాతా నూరినాడు.
గొడ్డలికి ఈ పక్క. బాణం ములికికి ఆ సన్నగాడి."
వచ్చీరాని తెలుగులో చెప్పి,
బొటనవేలితో పదును చూసుకుని వెళ్లిపోయింది.

వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.
ఆ కాసేపట్లో
ఇద్దరు ముసలాళ్లు నవ్వేసి లేచిపోయే వీలుంది.
నేను నవ్వడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

పాఢీ బాబు గొంతు సవరించుకున్నాడు.
"అక్షరం ముందు. నూరుడు తర్వాత."
"అవునవును" అన్నారు మాష్టారు, ఆదరాబాదరాగా.
పదకొండేళ్ల విరోధంలో
వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

మాష్టారు పోయాక
కోడలు పాత పేపర్లతో తూకానికి వేయబోతుంటే
ఆ అచ్చు నేను తెచ్చుకున్నాను.
నవ్వుకోడానికే తెచ్చుకున్నాను.
వెలుగు ఎటుపడితే ముఖం ఎలా మారుతుందో
ముప్ఫై ఏళ్లుగా అమ్ముకుని బతికేవాణ్ణి,
నాకు తెలీదా?
టార్చి పట్టింది నేనే కదా,
"కొంచెం ఎడమకి" అంటే ఎడమకి,
"ఆఁ, అక్కడ ఆపు" అంటే అక్కడే.

షట్టరు దించాక ఒక్కోరోజు దాని ముందు నిలబడతాను.
కత్తి గాడి. గొడ్డలి గాడి. బాణం ములికి గాడి.
సొంబారి వేలు చూపించిన వరసలోనే లెక్కపెడతాను.
మూడూ సరిపోతాయి.
ఇక చాలని, లైటార్పడానికి
స్విచ్చి మీద చెయ్యేసి వెనక్కి తిరుగుతానా,

అ.