పూటకాపు

ఇక్కడ ఆదివారం శుక్రవారం వస్తుంది.
అబ్బాసియాలో, కిరాణా కొట్టు మీది గదిలో
ఏసీ హోరులో గొంతు పెంచి చెబుతున్నాను:
క్రీస్తు మనకు పూటకాపు.

రాజోలు సువార్తమ్మ చెయ్యెత్తింది.
"అంటే కఫీలా, అయ్యగారూ?"

నా నోట్సులో విమోచన ఏడో అధ్యాయం.
మూడు ఉపశీర్షికలు, ఎర్రసిరా గీతలు.
ఆమె పాస్‌పోర్టు మాత్రం
సాల్మియాలో ఎవరిదో బీరువాలో, నాలుగేళ్లుగా.

కాదమ్మా, అన్నాను.
మరెవరు? అంది.
వెనక వరసలో బిర్యానీ పొట్లాలు విప్పేస్తున్నారు.

రాత్రి, మేడమ్ మాల్‌లో ఉండగా
స్టీరింగు మీద నోట్సు పెట్టుకుని
ఆ మాట కొట్టేశాను. మళ్లీ రాశాను.
పక్కన, పెన్సిల్‌తో:
కాగితాలు దాచుకోనివాడు.
పారిపోయిందని కేసు పెట్టనివాడు.

అధ్యాయం ఇంకా కాలేదు.
వచ్చే శుక్రవారం ఆమెను పంపిస్తే
అడగాలి, సరిపోయిందా అని.