పాల లెక్క

ఒప్పందం కాగితం మూడు ప్రతులు.
జిల్లా ఆఫీసుకొకటి, కంపెనీకొకటి,
మూడోది నా పాల పుస్తకం అట్టలో మడిచి ఉంది.
మడతల దగ్గర అప్పుడే చిరుగుతోంది.

మా కిర్గిజ్ కొండల్లో, ఈ తాష్‌బెల్‌లో,
దాన్ని ఆసాంతం చదివింది నేనొక్కదాన్నే.
దారి, కరెంటు: ప్రభుత్వం.
పాలు చల్లబరిచే తొట్టి, మోసుకెళ్ళే లారీ: కంపెనీ.
గది, మనిషి, పాలు: ఊరు.
ముగ్గురన్నదమ్ములు గొర్రెల్ని పంచుకున్నట్టు
ఎవరి వాటా వాళ్ళకి రాశారు.

అంతకుముందు
వేసవి పాలు చుట్టాల్లా అందరూ ఒక్కసారే దిగేవి.
వెన్న తీసి, పెరుగు ఉండలు కట్టి ఎండేసి,
మిగిలింది దూడలకి పోసి,
ఇంకా మిగిలితే వాగులో.
ఒక్క క్షణం వాగు తెల్లగా పారేది.
మా అత్త సైకాల్ అటు చూసేది కాదు.

తొట్టి వచ్చిన రోజు
ఊరంతా దాని స్టీలు కడుపులో మొహాలు చూసుకుంది.
జిల్లా నుంచి వచ్చినాయన రిబ్బను కత్తిరించి
భాగస్వామ్యం అనే మాట పదకొండుసార్లు అన్నాడు.
నేను లెక్కపెట్టాను.
లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం.

చీకటుండగానే వరస కడతారు.
ఒక్కో బకెట్లో లాక్టోమీటరు గాజుపుల్ల వదులుతాను.
అది ఎంత మునిగితే
అంత లోతున ఉంటుంది అబద్ధం.
మొదటి నెలలోనే అసిల్కాన్ పాలు తిప్పి పంపాను,
నా పెళ్ళికి రొట్టెలన్నీ కాల్చిన మనిషి పాలు.
"నీళ్ళు నేను పొయ్యలేదే బూరుల్, ఆవు తాగింది" అంది.
వరసంతా నవ్వింది.
మేమిద్దరం నవ్వలేదు.
మూడు వారాలు నా గుమ్మం తొక్కలేదు.

పదిహేనో తారీఖున డబ్బు పడుతుంది,
పాలు పిండిన చేతి పేరు మీదే.
ముసలి తూర్దుబెక్ గొంతు తగ్గించి అడుగుతాడు,
మా ఆవిడ ఫోనులో ఎంత పడింది అని.
చెప్పను.
మొన్న వాళ్ళావిడ కొత్త బూట్లతో వచ్చింది,
బురద లేని చోట కూడా గౌను ఎత్తి పట్టుకుని నడిచింది.

ఏప్రిల్ చివర,
దూడలు పుట్టి పాలు పొంగే రోజుల్లో,
దారి తప్పినట్టు మంచు వచ్చింది.
సాయంత్రం పాలు అప్పుడే పోయించుకున్నాను,
తొట్టిలో తొమ్మిది వందల లీటర్లు, ఇంకా పొదుగు వెచ్చన.
కరెంటు పోయింది.

జిల్లాకి ఫోను చేస్తే, స్తంభం పడింది, రేపు చూస్తామన్నారు.
కంపెనీకి చేస్తే, కరెంటు మా పేజీలో లేదన్నారు.
నిజమే. ఆ పేజీ నా దగ్గరా ఉంది.
ఈ రాత్రి మాత్రం ఎవరి పేజీలోనూ లేదు.

పార పట్టుకుని మొదట వచ్చింది అసిల్కాన్.
ఏం మాట్లాడలేదు. గది వెనక మంచు తవ్వడం మొదలుపెట్టింది.
తర్వాత లాంతర్లు, క్యాన్లు,
బూట్లు తొడుక్కోవడం మరిచిన పిల్లలు, తిట్లు.
కుళాయి విప్పి పట్టాం, మూతలు బిగించి పాతాం,
తెల్లారేసరికి మా వెనక పెరట్లో
యాభై తెల్లటి దిబ్బలు.

లారీ డ్రైవరు ఎర్మెక్ కనుమ కింద బండి ఆపి
నడిచి పైకొచ్చాడు.
కంపెనీ పంపలేదతన్ని.
మంచు తోసే బండితో అతని వెనకే వచ్చిన
జిల్లా కుర్రాడికీ ఆర్డరేం లేదు.
ఇద్దరికీ టీ పోశాం.
మళ్ళీ ఎక్కడ సంతకం పెట్టమంటారోనని
ఇద్దరూ కంగారుగా తాగారు.

జూన్‌లో ఒప్పందానికి ఒక కాగితం అతికించారు.
జనరేటరు సగం వాళ్ళది, సగం వీళ్ళది, డీజిలు మాది.
మంచు సంగతి ఎవరూ రాయలేదు.

ఆ రాత్రి విరిగిన పాలు నలభై లీటర్లు.
ఎవరి ఖాతాలో రాయాలని ముగ్గుర్నీ అడిగాను.
ముగ్గురూ మాట్లాడలేదు.
పదమూడు, పదమూడు, పదమూడు అని రాసి
మిగిలిన ఒక్క లీటరు
నా పేరున వేసుకున్నాను.