నాలుగు నిమిషాలు

ముందు వెనిగర్‌లో తడిపిన గుడ్డ.
లోపల పెట్టి నాలుగు నిమిషాలు ఆగాలి.
ఆ నాలుగు నిమిషాలూ ఏం మాట్లాడాలో
నర్సింగ్ స్కూల్లో ఎవరూ నేర్పలేదు.

ఎవరిస్తో కార్కమో, అరవై ఎనిమిదేళ్లు,
వల్పరాయిసోలో రేవు నుంచి కొండ మీదికి
తాళ్ల లిఫ్టు నడిపినవాడు,
ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడిచి
గోడ మీది క్యాలెండరుతో అన్నాడు:
"రెండేళ్లుగా మొలలే అనుకున్నా."

మొలలే అన్నాడు మందుల షాపువాడు.
మొలలే అంది ట్యూబు మీది బొమ్మ.
రక్తం కనబడ్డ రోజు
నిన్న బీట్‌రూట్ తిన్నాను కదా అని సర్దిచెప్పుకున్నాడు.
కూర్చోలేక నిలబడే లివరు లాగుతుంటే
ఎక్కినవాళ్లు, "ఎంత మర్యాదస్తుడో!" అనుకున్నారట.

ఇద్దరం నవ్వాం.
గుడ్డ ఇంకా లోపలే ఉంది.

అద్దంలోంచి డాక్టర్ అయెలెన్ చూసింది.
గులాబీ రంగులో ఒక్కచోట తెలుపు,
పాలు పొంగి స్టవ్ మీద ఎండినట్టు.
జొన్నగింజంత ముక్క తీసింది.

పదకొండో రోజు కాగితం వచ్చింది.
పెద్దపేగుది కాదు, దాని వాకిలిది.
ఎండుద్రాక్షలా ముడుచుకున్న కేంద్రకం, చుట్టూ బోలు:
అద్దె కట్టకుండా ఎవరో కాపురమున్న గుర్తులు.
"హెచ్‌పీవీ," అంది డాక్టర్, "పదహారో రకం."
"పదహారా? మరీ పడుచుదే" అన్నాడు.

ఆ తర్వాత గొంతు తగ్గించి,
"ఎవరిచ్చారు?"

దాదాపు అందరి ఒంట్లోకీ వచ్చేదే, అంది ఆమె.
చాలామందిలో ఏడాదికో రెండేళ్లకో
చెప్పకుండానే వెళ్లిపోతుంది.
కొందరిలో మాత్రం నలభై ఏళ్లు నోరు మెదపకుండా కూర్చుంటుంది.
మీలాగే, అని ఆమె అనలేదు.
నేను అనుకున్నాను.

"నాకు తెలుసు" అన్నాడు.
కర్ఫ్యూ రాత్రి. కొండ సగంలో ఆగిన చెక్కపెట్టె.
ఒక పేరు చెప్పాడు,
రేవులో మోకులు చుట్టే కుర్రాడిది.
డాక్టర్ పెన్నుకి మూత పెట్టింది.
నేను కుళాయి కట్టేశాను.
"వాడి మీద నేరం మోపాలని కాదు.
నలభై మూడేళ్లయింది ఈ నోటితో ఆ పేరు పలికి."

ఆ పేరు ఫైల్లో లేదు. ఇక్కడా రాయను.

కోత పడలేదు. ఆరు వారాలు కిరణాలు, సెలైన్‌లో మందు.
చర్మం కమిలి ఊడింది.
గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుని
బూతులు తిడుతున్నాడని కూతురు యస్నా ఫోన్ చేసింది.
తిట్టనివ్వమన్నాను.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే,
మానం గట్టిదే. చెప్పినా పోలేదు.
ప్రాణం సంగతి ఇంకా తేలలేదు.

ఆర్నెల్లకు మళ్లీ అదే బల్ల, అదే గుడ్డ.
ఈసారి క్యాలెండరు మారింది.
మనవడికి బడిలో టీకా వేశారట, నాలుగో తరగతి,
ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపి ఒకటే వరస.
ఇంటికొస్తుంటే బస్సులో అడిగాడట,
"ఇది దేనికి తాతా?"

"ఏమన్నారు?" అన్నాను.
"ముడ్డి బాగుండటానికిరా, అన్నా.
గట్టిగానే అన్నా.
బస్సంతా వింది. డ్రైవర్ కూడా."

డాక్టర్ దీపం దగ్గరికి లాగింది.
గులాబీ రంగు.
ఇక్కడా గులాబీ రంగే.
నాలుగో నిమిషం ఇంకా కాలేదు.