ఐదు, ఆగి, రెండు

మొదలు ఫోను చేసింది వీరమల్లు సేటు కాదు,
యార్డుల ఉన్నోళ్లందరు.
ఎనుమాముల మార్కెట్ల పొద్దుగాల
జెండాపాట నడుమల ఒర్రిందట సేటు కారు.
పదిహేడు వేలన్నడో పన్నెండు వేలన్నడో
ఎవలకు ఇనబడలే.
నర్సంపేట దిక్కు నుంచి కాయ తెచ్చిన రైతొకాయన
తువ్వాల ఇసిరికొట్టి పోయిండట.

మీటరు, టెస్టు లైటు, ఇన్ని వైరు ముక్కలు
బండి మీద ఏసుకొని పోయిన.
తెల్ల కారు. మీద ఎర్రటి దుమ్ము.
స్టీరింగు పక్కన మిరపగింజంత లైటు.
ఒర్రుడు ఆపినంక అది రెప్పలు కొడతది,
ఎన్నిసార్లు కొడితే అన్నో నంబరు రోగం.
ఒక్కపారే చెప్తది.
మళ్ల అడిగితే చెప్పది.

డ్యాష్‌బోర్డు అరల జిరాక్సు కాయితం దొరికింది.
రెండంటే తలుపు. మూడంటే బానెట్.
నాలుగంటే దెబ్బ తగిలింది.
ఐదుకు ఎదురుంగ ఇంజనాయిలు మరక.

ఒకనాడు తలుపుల స్విచ్చులు నాలుగు విప్పి గీకిన.
రాత్రి ఒర్రింది.
తెల్లారి బానెట్ ఎత్తితే
గోనె పీచుతోని, పత్తితోని ఎలుక గూడు, లోపట పిల్లలు.
వాటిని పట్టా మీదికి దించి స్విచ్చు మార్చిన,
ఇగ దొరికిందనుకున్న.
రాత్రి రెండుంబావుకు సేటు ఫోను.
తిట్టలే. తిట్టకపోతేనే నాకు భయం.

మూడోనాడు, లారీ పోతే నేల అదురుతందని
సెన్సారు మర పావు చుట్టు తిప్పిన.
సేటుకు ఓపిక లేదు,
'సైరను వైర్లే కోసెయ్యి, పీడ పోతది' అన్నడు.
కోసిన.
కోస్తే ఇంకింత ఒర్రింది.
బస్తాల మీద పండుకున్న హమాలీలు లేచి
నన్ను జూసిన చూపు ఇప్పటికీ యాదికుంది.

అప్పుడు కాంటా ఎనక నుంచి పిలిచిండు ఓదెలు,
రాత్రి కాపలాదారు,
ముప్పై ఏండ్లు మూటలు మోసి నడుము వంగినోడు.
'నేను లెక్కపెట్టిన బిడ్డా' అన్నడు.
కాంటా పలక మీద
ఐదు ఎండుకాయలు, జానెడు జాగ, రెండు కాయలు.
దాని కింద మళ్ల అట్లనే. దాని కింద మళ్ల.
మూడు రాత్రులు, మూడు వరుసలు.
'బస్తాలకు గిట్లనే పెట్టుకునేది.
సేటు చీటి తప్పుతది, కాయ తప్పది.'

కాయితం ఎండకు పట్టి చూసిన.
మరక ఎనక అక్షరాలు తేలినయ్:
ఐదు, సైరను. రెండు, లోపలి బ్యాటరీ.

విప్పితే అరచేతంత నల్ల డబ్బ,
ఆకుపచ్చ తొడుగుల మూడు చిన్న బిళ్లలు,
వాటి అంచుకు ఉప్పు పూసినట్టు తెల్లగ.
ఎవ్వలు ముట్టలే.
ఏ తలుపు తెరువలే, ఏ దొంగ రాలే.
ఇంట్ల బియ్యం ఒడిస్తే
ఒడిసినయనం మనం, నిండుకున్నయంటం.
ఇదేమో ఆ మాట రాక
దొంగలు దొంగలు అని ఊరంత లేపింది.

కొత్తయి ఏసి, కోసిన వైర్లు అతికి, టేపు చుట్టిన.
సేటు పైసలు లెక్కపెట్టి ఇచ్చిండు, యాభై తగ్గించి.
ఓదెలును ఏం కావాల్నంటే
పాత బిళ్లలు అడిగిండు, మనుమడు ఆడుకుంటడని.
ఇయ్యలే. విషం కారుతది తాతా అన్న.
గింతంత నవ్విండు,
దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గిండు.
'మరి మేం పీల్చేదేంది?'

నేనేం చెప్పాలె.
ఒక వరుస కాయలు మాత్రం ఏరి
జేబుల ఏసుకున్న.

ఎంజీఎం చౌరస్త కాడ ఆగినప్పుడు
మరిచిపోయి కన్ను నులుముకున్న.
భగ్గుమన్నది.
ముందటి ఆటోకు ఇండికేటరు కొట్టుకుంటనే ఉన్నది,
ఎన్నిసార్లో లెక్కవెట్టబోయిన,
నీళ్లల్ల ఒకటి పదయి కనవడ్డది.
ఎనక హారన్లు.