ఎర్రపోగు

మా టెంట్ హౌస్ హంటర్ రోడ్డు మీద.
కుర్చీలు ఆరువందలు, బగోనలు పన్నెండు,
శత్రంజీలు ఎన్నున్నయో
ఓనరుకు గూడ తెల్వదు.

నా పని పరుచుడు, తెల్లారి దులుపుడు.
మనుషులు లేచిపోయినంక
కూసున్న జాగల ఏం మిగుల్తదో
నన్నడగాలె:
తలంబ్రాలు, పిన్నీసులు, పల్లిపొట్టు,
చెవికమ్మ మర,
ఒకపారి ఒక పాలపన్ను.
ధర్నాకు పరిస్తే కరపత్రాలు,
"జల్ది ముగించుండ్రి" అని రాసి
ఎవలో నలిపి పారేసిన చీటి.

అందరు స్టేజీ దిక్కే చూస్తరు.
కిందికి చూసేటోడు ఒక్కడే,
మడిమెల ముల్లు ఇరిగినోడు.
నేను గూడ చూడలె, అబద్ధమెందుకు,
నాలుగేండ్లు.

ఆ వానకాలం గోదాంల ఎలుకలు పడ్డయ్.
ఫోను లైటు పట్టుకొని
చిరుగులు లెక్కవెడుతుంటే
నీలం చారల నడుమ, అంచుకు బెత్తెడు ఇవతల
ఒక్క ఎర్రపోగు.
డిజైను కాదు. తప్పు గూడ కాదు,
తప్పు అంత తిన్నగ ఉండదు.
ఇంకో దాంట్ల చూసిన, లేదు.
ఇంకో దాంట్ల, లేదు.
ఆ రాత్రి గోదాం మొత్తం తిరగేసిన.
పదిహేడు దొరికినయ్.

చిరిగినయి నెత్తికెత్తుకొని కొత్తవాడకు పోయిన.
"మగ్గమా? ఇంకా ఉన్నదా?" అన్నడు
మగ్గానికి మూడిండ్ల అవతల ఉండేటోడు.

రేకుల కింద, గుంటల,
నడుముదాక భూమిలున్నడు చిలువేరు కొమురెల్లి.
పంజ పట్టి పేకను కొడుతుండు.
పక్కింటి మిక్సీ చప్పుడుల
ఆ చప్పుడు కలిసిపోతుంది.
శత్రంజి మీదేస్తే కండ్లతోని చూడలె,
అంచు మీద బొటనవేలు నడిపిండు.
"మాదే. కరెంటుకు తిప్పలైన యేడాదిది.
ఈడ పేక జెర వదులున్నది, పట్టి సూడు.
ఆనాడు నాకు జరం."

ముప్ఫై ఏండ్ల కిందటి జరం
నా వేలికి తగిలింది.

మరి ఈ ఎర్రదేంది అంటే
పంజ పక్కకు వెట్టిండు.
"గది లచ్చువ్వది."

లచ్చువ్వ ఆయన ఇంటామె. కండెలు చుట్టేది.
అచ్చరం ముక్క రాదు.
సరుకు తీస్కునే గుమస్తా
నెలకు మూడో నాలుగో మింగేటోడు.
"ఎనభై ఆరే అచ్చినయ్, రాసున్నది సూస్కో" అని
బుక్కు వాళ్ళ దిక్కు తిప్పేటోడు.
సదువు రానోళ్ళకు
బుక్కు ఎటు తిప్పినా ఒక్కటే.

ఆమె ఒర్రలె, ఏడ్వలె.
పదోది మగ్గమెక్కినప్పుడల్లా
మొగని పక్కన గుంటలకు దిగి
ఒక్క పోగు ఎర్రది, తన చేతితోని.
నెలాఖరుకు కట్టల ముంగట నిలవడ్డది.
"ఇప్పు. ఎర్రయి ఏరు. తొమ్మిది ఎల్లాలె."
తొమ్మిది ఎల్లినయ్.

గుమస్తా నవ్విండట. పైసలిచ్చిండట.
పై నెల నుంచి
వాళ్ళింటికి ఎర్ర నూలు బందు.

"మరెట్ల?" అన్న.
"దాని పెండ్లిచీర అంచు ఎర్రది," అన్నడు ముసలాయన.
ఇగ మాట్లాడలె.
నా చిరుగు దగ్గరికి గుంజుకొని
సూదిల దారం ఎక్కియ్యవట్టె,
నాలుగుపార్లు తప్పింది.
నేను ఎక్కిస్త అంటే ఇయ్యలె.

ఆమె పోయి పదకొండేండ్లాయె.
మిగిలిన ఎర్రపోగులు ఏ బడిల ఉన్నయో,
ఏ ఠాణా మూలకు చుట్టిపెట్టి ఉన్నయో,
ఎంతమంది వాటి మీద కూసొని
సంతకాలు వెట్టిన్రో.

మొన్న ఎనుమాముల దిక్కు ఒక సభ.
కష్టజీవుల గురించి గంటసేపు చెప్పిండు ఒకాయన.
మంచిగనే చెప్పిండు.
నేను ఎర్రపోగున్న మూలను గోడ దిక్కు పరిచిన,
చెప్పులు పడకుండ.
ఒక పోరడు అక్కడికే పోయి కూసొని
గోరుతోని దాన్ని గీకుతుండు.
పీకుతడేమో అని ఉరికిన.
పీకలె.
"ఇదేంది?" అన్నడు.

"పది," అన్న.