పిప్పి

తెల్లారుజాము నాలుక్కి
గుంజూరు రోడ్డు మీద రెండే లైట్లు,
నా బండిదీ, చెత్తలారీదీ.
యాభై రెండో ఏట స్టీరింగు నేర్చుకున్నా.
వెనక ఆరు నీలం డ్రమ్ములు
ఒకదాన్నొకటి గుద్దుకుంటా వస్తాయి.

బ్రూవరీ వెనక గేటు కాడ ఒడియా కుర్రాడు
కళ్ళు నలుపుకుంటా చెప్తాడు:
"అమ్మా, ఈరోజు గోధుమది. నిన్నటిది నల్లది."
ఉడికి, రసం పోయి, ఇంకా పొగలు కక్కే పిప్పి.
పారతో ఎత్తుతుంటే
కొత్తకుండలో సంగటి వాసన,
అడుగునెక్కడో మాడిన బెల్లం.
ఆవులకి పెట్టేది కదా,
నేను రుచి చూడలేదని చెప్పను.

ఈ గోడకవతల మా ద్రాక్షతోట ఉండేది.
రెండెకరాల నల్లకాయ.
రాతి కూసాలు, ఇనపతీగల పందిరి.
అప్పట్లో మందు కొట్టడమంటే తోటకే.
మూడు కూసాలు లోపల ఇంకా నిలబెట్టే ఉంచారు,
బల్బుల దండలు వేలాడేయడానికి.
నడిమి కూసానికి గాట్లు మా ఆయన పెట్టినవే,
ఎన్నిసార్లు కొట్టామో మరిచిపోకుండా.
దానికానుకుని ఫోటోలు దిగుతారు.
వైను పట్టీలో తొమ్మిది పేర్లున్నాయంట.
ఒక్కటీ ఈ మన్నుది కాదు.

నేనెరిగిన తాగుడు వేరు.
ప్యాకెట్టు మూల పళ్ళతో కొరికి
నిలబడే మింగి, ఉప్పు నాకి
పనిలోకి పోయేవాళ్ళు.
తర్వాత వైన్‌షాపొచ్చింది. ఇనపజాలీ,
చెయ్యి మాత్రం దూరే కంత.
పక్కనే ఎల్లమ్మక్క బోటీ పెనం,
ఉడకేసిన శెనక్కాయలు, కారం చల్లిన గుడ్డు.
ఆ తర్వాత మెట్లెక్కే బారు, ఎర్ర కుర్చీలు,
ఫ్యామిలీ రూమని ఒక పరదా.
ఆ పరదా ఎనక ఏ ఫ్యామిలీనీ చూసినోళ్ళు లేరు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి
ఆడపిల్లలు వాళ్ళ డబ్బుతో వాళ్ళు తాగి
తల ఎనక్కేసి నవ్వుతారు.
అది మాత్రం నాకు నచ్చింది.
గట్టిగా అనను, మా వాళ్ళు వింటారు.

బోటీ కూడా మెనూ ఎక్కింది,
నల్లపలక మీద, మూడొందల ఎనభై.
ఎల్లమ్మక్క ఎక్కింది మాలూరు బస్సు,
కూతురింటికి.

బీరు కాచే పిల్లది ఒంగోలు. హిమజ.
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
చేతి మీద కాలిన మచ్చ.
పోయిన నెల చిన్న గ్లాసు చేతికిచ్చింది:
"రాగులతో చేశా పిన్నీ, ఎలా ఉందో చెప్పు."
నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకున్నా.
పులుపు. ఎనక ఒక సన్న తీపి.
గొంతులో గరగర.
"మూడోనాటి అంబలి" అన్నా,
"మా అత్తైతే కుక్కకి పోసుండేది."
ఆ పిల్ల మొహం మాడ్చుకోలేదు.
మర్నాడు పలక మీద చాక్‌పీసుతో రాసుంది:
మూడోనాటి అంబలి. నాలుగొందల ఇరవై.

శని ఆదివారాలు వాళ్ళెంత తాగారో
మా ఆవులకి తెలుసు.
మంగళవారం పాలు చిక్కన.
క్రికెట్టు ఫైనలు వారం
బుడ్డది పూటకి లీటరు ఎక్కువిచ్చింది.
ఎండాకాలం ట్యాంకర్లు రాక
కాపు ఆగిపోయిన పది రోజులూ
ఒట్టి గడ్డి ముందు మొహం తిప్పుకుని నిలబడింది,
నేనేదో అప్పు ఎగ్గొట్టినట్టు.

ఇప్పుడేమో ఈ స్థలం ఎవరికో నచ్చిందంటున్నారు.
ఇరవయ్యారంతస్తులంట.
హిమజ దేవనహళ్ళి వైపు షెడ్డు వెతుకుతా ఉంది.
అంతదూరం డీజిలు ఎంతవుతుందో
డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చుని లెక్కేశా,
రెండుసార్లు.
లెక్క కుదర్లేదు.

పోయేలోపు ఆ నడిమి కూసం అడగాల.
బుడ్డదాన్ని కట్టేసుకోడానికి పనికొస్తుంది.
నాలుగడుగుల లోతు దించాం అప్పట్లో,
నేనూ ఆయనా.
పెరకాలంటే ఇద్దరు మనుషులు చాలరు.